ఆల్‌మన్ బ్రదర్స్ ‘వన్ వే ఔట్’ లైవ్ ఆల్బమ్: ఫిల్మోర్ ఈస్ట్ విన్న చెవులతో దీన్ని ఎలా వినాలి?

చిన్నగిటారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను బ్లూస్ రాక్ వినడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాలులో వాయించి 1971లో విడుదల చేసిన ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ అంటే నాకు ప్రాణం. డబుల్ ఆల్బమ్, అయినా పాటలు ఏడే. ‘విప్పింగ్ పోస్ట్’ ఒక్కటే దాదాపు 23 నిమిషాలు. అది మొదలయ్యే ముందు జనంలోంచి ఎవరో ఆ పాట పేరు అరుస్తారు. సరిగ్గా కనిపెట్టావన్నట్టు గిటారిస్టు డ్వేన్ ఆల్‌మన్ జవాబిస్తాడు. వెంటనే బెర్రీ ఓక్లీ బేస్ అందుకుంటుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మొన్న అదే బ్యాండ్ 2004లో తెచ్చిన ‘వన్ వే ఔట్’ పెట్టాను. 2003 మార్చిలో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో రికార్డు చేసిన కచేరీలు. ‘స్టేట్స్‌బరో బ్లూస్’ రెండు ఆల్బమ్‌లలోనూ ఉంది కదా అని, ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. తర్వాత ‘విప్పింగ్ పోస్ట్’ కూడా అలాగే. నాకు దిగులేసింది. డ్వేన్ లేడు, ఓక్లీ లేడు, రెండో గిటారిస్టు డికీ బెట్స్ కూడా లేడు. డ్వేన్ తమ్ముడు, గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్ గొంతు బరువెక్కిపోయింది. పాత రికార్డులో చీల్చుకుంటూ పైకి వెళ్ళిన చోట ఇక్కడ కిందే ఉండిపోతున్నాడు. మధ్యలోనే ఆపేశాను.

కానీ ఈ ఆల్బమ్ గురించి చాలా గొప్పగా చెప్పేవాళ్ళని చూశాను. వాళ్ళకి వినిపించేది నాకు వినిపించడం లేదు. ఇది పాత పేరు మీద నడిచిన కచేరీయేనా? లేక నేను వినే తీరులో ఏదైనా పొరపాటుందా? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

రెండుడ్రమ్ములు

పక్కపక్కన పెట్టి వినడమే పొరపాటు. ఫిల్మోర్ నాటికి ఆ బ్యాండ్ పుట్టి రెండేళ్ళు. బీకన్ నాటికి 34 ఏళ్ళు. మధ్యలో ఎంత జరిగిందో మీకు తెలిసే ఉంటుంది.

నేను డ్రమ్స్ వాయిస్తాను కాబట్టి నా చెవి అటే వెళ్తుంది. డ్రమ్మర్లు బుచ్ ట్రక్స్, జైమో ఇద్దరూ రెండు రికార్డుల్లోనూ ఉన్నారు. బుచ్ రైలింజన్‌లా ముందుకు తోస్తుంటాడు. జైమో జాజ్ నుంచి వచ్చినవాడు, ఆ తోపుడు సందుల్లో చిన్న చిన్న మాటలు చెబుతుంటాడు. 2003 నాటికి ఆ ఇద్దరికీ మార్క్ కిన్యోనెస్ కాంగాలు (చేతులతో వాయించే డ్రమ్ములు) కూడా తోడయ్యాయి. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘ఇన్‌స్ట్రుమెంటల్ ఇల్‌నెస్’ ఒక్కసారి పూర్తిగా వినండి. గిటార్లని పట్టించుకోకుండా కింద ఏం జరుగుతోందో చూడండి. పాత పేరు మీద నడిచేవాళ్ళు అలా వాయించరు.

నీలాకాశం

నేను ఒప్పుకోను. చిన్నగిటారు గారికి వచ్చిన దిగులు న్యాయమైనదే.

డికీ బెట్స్ లేని ఆల్‌మన్ బ్రదర్స్ నాకు సగం బ్యాండే. ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ ఆయన రాసిందే. జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊళ్ళో రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి మీద చూసిన పేరును ఆ పాటకి పెట్టాడు. డ్వేన్‌తో కలిసి రెండు గిటార్లతో ఒకే రాగాన్ని జంటగా పలికించే పద్ధతిని ఆ బ్యాండ్‌కి గుర్తుగా మార్చింది ఆయనే. డ్వేన్ పోయాక దాదాపు ముప్పై ఏళ్ళ పాటు ఆ భారం మోసింది కూడా ఆయనే. అలాంటి మనిషిని 2000లో ఒక ఫ్యాక్స్ పంపి పక్కన పెట్టారు. ఆ సంగతి గుర్తొస్తే ఈ ఆల్బమ్ నాకు ఇప్పటికీ చేదుగానే ఉంటుంది.

పెద్ద వయసు బ్యాండ్ కావాలనుకుంటే 1992 నాటి ‘ఫస్ట్ సెట్’, 1995 నాటి ‘సెకండ్ సెట్’ వినండి. వాటిలో డికీ, ఇంకో గిటారిస్టు వారెన్ హేన్స్ ఇద్దరూ ఉన్నారు. ‘సెకండ్ సెట్’లోని ‘జెసికా’కి గ్రామీ కూడా వచ్చింది. అదే ఆల్బమ్‌లో ‘ఎలిజబెత్ రీడ్’ని అకౌస్టిక్ గిటార్లతో వాయించారు. ఆ ఒక్కటి వింటే నేనెందుకు ఇలా మాట్లాడుతున్నానో మీకు అర్థమవుతుంది.

ఆర్గాన్‌పక్కన

చిన్నగిటారు గారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగాను. ఆల్బమ్ మొత్తం మళ్ళీ విని రాద్దామని.

ముందు నా సంగతి చెప్పాలి. నేను కీబోర్డ్ వాయిస్తాను. అందుకే ఈ బ్యాండ్‌ని మొదటి నుంచీ గ్రెగ్ ఆర్గాన్ పక్క నుంచే విన్నాను. చాలామంది గిటార్ల దగ్గర మొదలుపెట్టి, చివరికి గొంతు దగ్గరికి వస్తారు. నేను గొంతు దగ్గర మొదలుపెట్టాను. బహుశా అందుకే 2003 కచేరీలు నాకు దిగులు కలిగించలేదు.

‘విప్పింగ్ పోస్ట్’ గ్రెగ్ రాసింది 1969లో, 21 ఏళ్ళ వయసులో. రాత్రి పూట పాట తోసుకొచ్చింది, చేతికి కాగితం దొరకలేదు. కాల్చిన అగ్గిపుల్లల మసితో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద రాసుకున్నానని ఆయనే చెప్పాడు. స్తంభానికి కట్టేసి కొరడాతో కొడుతున్నట్టుందని పాడే పాట అది. 21 ఏళ్ళ కుర్రాడికి అంత బాధ ఎక్కడిదని కాదు. తండ్రిని రెండేళ్ళ వయసులోనే హత్యలో పోగొట్టుకున్నవాడు. బాధ ఉంది. కానీ గొంతు ఇంకా కుర్రదే. ఫిల్మోర్‌లో పాడేనాటికి 23. ఆ రికార్డులో గ్రెగ్ తన గొంతుని తన వయసు కంటే ముందుకి తోస్తుంటాడు. మీరు చీల్చుకుంటూ పైకి వెళ్ళడం అన్నారే, అది అదే. చాలా గొప్పగా ఉంటుంది, కాదనను.

ఆ ఆల్బమ్ 1971 జూలైలో వచ్చింది. అక్టోబర్ 29న డ్వేన్ మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. 24 ఏళ్ళు. మరుసటి ఏడాది నవంబర్ 11న బెర్రీ ఓక్లీ. అదే ఊరు, మళ్ళీ మోటార్‌సైకిలే, డ్వేన్ పడిన చోటికి దగ్గర్లోనే. ఆయనకీ 24 ఏళ్ళే. తర్వాత బ్యాండ్ రెండుసార్లు విడిపోయింది, రెండుసార్లు కలిసింది. గ్రెగ్ తాగుడులో ఎంత లోతుకి వెళ్ళాడంటే, 1995 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానం అందుకునే వేదిక మీద సరిగా మాట్లాడలేకపోయాడు. ఆ తర్వాత ఆ దృశ్యాన్ని టీవీలో చూసుకుని సిగ్గుపడి, మందు మానేశానని చెప్పాడు.

మీరు సగంలో ఆపేసిన 2003 రికార్డు ఆ మనిషిది. మద్యం మానేసి ఎనిమిదేళ్ళయింది. 55 ఏళ్ళు. ఆ ‘విప్పింగ్ పోస్ట్’ మళ్ళీ వినండి. పల్లవి చివర మీరు ఎదురుచూసే కేక కోసం వినకండి. ఆ కేకకి ముందు మాటని ఎలా పట్టుకున్నాడో వినండి. కుర్రాడు ఆ మాటని విసిరేస్తాడు. పెద్దాయన దాన్ని కిందే పట్టుకుని నొక్కుతాడు, వదలడు. నాకైతే ఆ పాటకి ఎప్పటి నుంచో రావాల్సిన గొంతు అప్పుడొచ్చిందనిపిస్తుంది. 1971లో పాట ముందు నడిచింది, గొంతు వెనక పరుగెత్తింది. 2003కి ఇద్దరూ ఒక చోటికి చేరారు.

గొంతు వెనకాల హామండ్ బీ-3 ఆర్గాన్ ఎలా ఉందో కూడా చూడండి. గ్రెగ్ ఎప్పుడూ గొప్ప ఆర్గాన్ సోలోలు వాయించేవాడు కాదు. పాడేటప్పుడు వేళ్ళ కింద ఒక్క తీగలాంటి ధ్వనిని పరిచి ఉంచుతాడు. లెస్లీ స్పీకర్ తిరుగుతుంటే అది నెమ్మదిగా ఊగుతుంది. నేను ఎన్నో ఏళ్ళు అది తేలిక అనుకున్నాను. వాయించి చూస్తే తెలిసింది. ఎక్కువ వాయించాలన్న ఆత్రం ఆపుకోవడం ఉందే, అదే అందులోని కష్టం.

ఇంకో సంగతి. 2011 మార్చిలో నేను వాళ్ళని బీకన్‌లోనే చూశాను. అప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం. ఆఫీసు నుంచి తిన్నగా రైలెక్కి, మాన్‌హట్టన్‌లో సబ్‌వే మారి, 72వ వీధి స్టేషన్‌లో దిగి బ్రాడ్‌వే మీద పైకి నడిచాను. చలికి చెవులు నొప్పి పెడుతున్నాయి. నా సీటు పై బాల్కనీలో దాదాపు చివర. అక్కణ్ణించి వేదికకి రెండు వైపులా ఉన్న ఆ పెద్ద విగ్రహాలే ముందు కనిపిస్తాయి, మనుషులు చిన్నగా ఉంటారు. గ్రెగ్‌కి అంతకు ముందు ఏడాది జూన్‌లోనే కాలేయ మార్పిడి జరిగింది. తొమ్మిది నెలలు. అసలు పాడతాడా, కాసేపు కనిపించి వెళ్ళిపోతాడా అని నాకు టెన్షన్‌గా ఉంది. కూర్చున్నాడు, పాడాడు. పాటకీ పాటకీ మధ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. మళ్ళీ బుచ్ కర్రలు లేచేసరికి చేతులు ఆర్గాన్ కీల మీదికి వచ్చేవి. ఆ రాత్రి నుంచి ఆ గొంతు గురించి ‘పోయింది’ అనే మాట నేను వాడలేదు.

నీలాకాశం గారి బాధ నాకూ ఉంది. డికీని పంపిన తీరు తప్పే. కానీ దానికి శిక్ష 2003 రికార్డులో గిటార్ వాయించిన డెరెక్ ట్రక్స్‌కి వేయకూడదు.

డెరెక్ బుచ్‌కి అన్న కొడుకో తమ్ముడి కొడుకో, మొత్తానికి కుటుంబం వాడు. తొమ్మిదేళ్ళ వయసులో పాత సామాన్ల అమ్మకంలో అయిదు డాలర్లకి మొదటి గిటార్ కొన్నాడు. 1999లో, ఇరవై ఏళ్ళకి ఈ బ్యాండ్‌లో చేరాడు. ‘స్టేట్స్‌బరో బ్లూస్’లో డ్వేన్ స్లైడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చే వాయింపు) మీకు కంఠతా వచ్చుంటుంది. ఆ డ్వేన్ కథ కూడా గుర్తుండే ఉంటుంది. జలుబు చేసి పడుకుంటే తమ్ముడు గ్రెగ్ ఒక మాత్రల సీసా, తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి ఆల్బమ్ ఒకటి తెచ్చిచ్చాడు. ఆ ఆల్బమ్‌లో ఈ పాటే ఉంది. డ్వేన్ మాత్రలు పారబోసి, సీసా వేలికి తొడిగి, రికార్డుతో పాటు సాధన చేశాడు. ఆ పాటని ఇంకొకరు వాయించడం అంటే ఒకరి ఇంట్లోకి చెప్పకుండా అడుగు పెట్టినట్టే. డెరెక్ ఏం చేస్తాడో చూడండి. గుమ్మం దగ్గర డ్వేన్ పలికించిన స్వరాలకి దండం పెట్టినట్టు మొదలుపెడతాడు, లోపలికి వెళ్ళాక తన దారి తనది.

ఆ దారి మన చెవికి కొత్తది కాదు, అది చెప్పాలి. డెరెక్ అలీ అక్బర్ ఖాన్ సరోద్‌ని ఎంతో విన్నాడు. శాన్ రఫేల్‌లో ఆయన పేరున్న సంగీత కళాశాలలో కొంత నేర్చుకున్నాడు కూడా. సరోద్‌కి మెట్లు (ఫ్రెట్లు) ఉండవు. గిటార్‌కి మెట్లు ఉన్నా స్లైడ్ వాటి మీద ఆనదు, తీగ మీద తేలుతుంది. అందుకే డెరెక్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతడు, జారుతాడు. మన గమకాల్లో జారు అంటామే, అచ్చంగా అదే. పిక్ కూడా వాడడు, ఉత్త వేళ్ళతోనే మీటుతాడు. డ్వేన్‌ది హార్మోనికా లాంటి పలుకు. డెరెక్‌ది మనిషి గొంతు లాంటి పలుకు. ఒకటి వినాలనుకుని రెండోది వింటే నిరాశే కలుగుతుంది.

నాకూ ఈ ఆల్బమ్ మీద ఫిర్యాదు ఒకటుంది. ఫిల్మోర్‌లో వాద్యానికీ వాద్యానికీ మధ్య ఖాళీ ఉంటుంది. హాలు గాలి వినిపిస్తుంది. బీకన్ రికార్డులో అంతా నిండిపోయి ఉంటుంది. ముగ్గురు తాళం వాయించేవాళ్ళు, రెండు బరువైన గిటార్లు, ఓటీల్ బర్‌బ్రిడ్జ్ బేస్. ఒక్కోసారి ఊపిరాడదు. ఏకబిగిన వినకండి, రెండు డిస్కులు రెండు రాత్రులు.

వరస కూడా చెబుతాను. ముందు 1971లో లేని పాటలు. ‘డెస్డెమోనా’తో మొదలుపెట్టండి. గ్రెగ్, వారెన్ కలిసి రాసింది. నెమ్మదిగా మొదలై మధ్యలో జాజ్ వైపు తిరుగుతుంది. తర్వాత ‘రాకిన్ హార్స్’. తర్వాత ‘ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్’. ఇది డ్వేన్ పోయాక గ్రెగ్ రాసిన పాట, అంటే డ్వేన్ ఎన్నడూ వాయించలేదు. 1972 రికార్డులో అందులో స్లైడ్ వాయించింది డికీ. కాబట్టి అక్కడ డ్వేన్‌తో పోల్చడానికి మీకు ఏమీ ఉండదు, చెవి కొంచెం వదులవుతుంది. ‘విప్పింగ్ పోస్ట్’ చిట్టచివర.

తకిట

ఆర్గాన్‌పక్కన గారు గొంతు గురించి చెప్పారు, నేను లెక్క గురించి చెబుతాను.

‘విప్పింగ్ పోస్ట్’ మొదట్లో బేస్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న పలుకు) 11 దెబ్బలది. చాలామందికి అక్కడ కాలు తప్పుతుంది. మనకి సులువు: తకిట తకిట తకిట తక. మూడు మూళ్ళు, ఒక రెండు. రెండుసార్లు చేత్తో వేసి చూడండి, మూడోసారికి కుదురుతుంది. పాట అందుకున్నాక మాత్రం ఈ లెక్క వదిలేసి ఆరు మీద నడుస్తుంది. తనకి అది 11 అని తెలియదని, అన్న డ్వేన్ చెబితేనే తెలిసిందని గ్రెగ్ అన్నాడు. అలా అనిపించింది, అలా రాశాడు.

ఓక్లీ ఆ ‘తక’ని కొంచెం తోసి వేస్తాడు, తర్వాతి ‘తకిట’ మీదికి దూకినట్టుంటుంది. ఓటీల్ దాన్ని గుండ్రంగా తిప్పుతాడు. అదే 11, రెండు నడకలు. రెండు రికార్డుల్లో మొదటి నిమిషం మాత్రం పక్కపక్కన పెట్టి ఈ ఒక్క విషయం వినండి. ఇక్కడ పోలిక మంచిదే.

ఇంకో చిన్న మాట. ఫిల్మోర్ రికార్డు అంతా ఉన్నది ఉన్నట్టుగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిర్మాత టామ్ డౌడ్ మొదటి రాత్రి వేదిక మీద సాక్సోఫోన్ లాంటి ఊదే వాద్యాలవాళ్ళని చూసి కంగారుపడి, వాళ్ళని తీసేయమని డ్వేన్‌కి చెప్పాడు. ‘స్టార్మీ మండే’లో హార్మోనికా సోలోని కత్తిరించాకే ఆల్బమ్‌లో పెట్టారు. అంటే ఆ ఖాళీలో కొంత వాళ్ళు వాయించింది, కొంత డౌడ్ కత్తెర చేసింది. బీకన్ రికార్డు నిండుగా ఉందన్న ఫిర్యాదు సరైనదే గానీ, దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నీలాకాశం

డెరెక్ మీద నాకు కోపం లేదండి, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో డికీ పోయిన రోజు నేను ఆయన రాసి పాడిన ‘బ్లూ స్కై’ తప్ప ఏమీ వినలేదు. ఆ బాధలోంచి రాశాను. మొదటి సభ్యుల్లో ఇప్పుడు జైమో ఒక్కడే మిగిలాడు.

చిన్నగిటారు

అందరికీ చాలా థాంక్స్. చెప్పిన వరసలోనే విన్నాను, రెండు రాత్రులు.

‘డెస్డెమోనా’ నాకు వెంటనే ఎక్కలేదు. రెండోసారి విన్నప్పుడు మధ్యలో ఆ జాజ్ భాగం దగ్గర కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. ఇది ఫిల్మోర్ బ్యాండ్ వాయించగలిగేది కాదు. వాళ్ళకి చేతకాక కాదు, వాళ్ళు అప్పటికి ఆ చోటికి రాలేదు. ‘ఇన్‌స్ట్రుమెంటల్ ఇల్‌నెస్’ డ్రమ్స్ మాత్రమే వినడానికి ప్రయత్నించాను, జైమోని ఇంకా విడిగా పట్టుకోలేకపోతున్నాను. సాధన చేస్తాను.

తకిట గారూ, చేత్తో వేస్తూ మొదటి నిమిషం విన్నాను. ఓక్లీ దూకుడు ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. ఏడాదిన్నరగా రోజూ విన్న పాటలో ఇంత చిన్న సంగతి నాకు వినపడలేదు.

గ్రెగ్ గొంతు సంగతి. ఆర్గాన్‌పక్కన గారు చెప్పిన చోటే విన్నాను. కేక కోసం ఎదురుచూడకుండా ఉండటం చాలా కష్టమైంది, చెవి అలవాటుగా ముందుకి పరుగెత్తుతోంది. మూడోసారి విన్నప్పుడు పట్టుకున్నాను. పల్లవి చివర మాటని నొక్కి పట్టి ఉంచుతాడు. అక్కడ నాకు నా తాతగారు గుర్తొచ్చారు. ఆయన కోపం వచ్చినప్పుడు గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. ఇంట్లో అందరూ అప్పుడే భయపడేవాళ్ళం. ఫిల్మోర్ పాట ఇప్పటికీ నాకు ఎక్కువ ఇష్టం, అబద్ధం చెప్పను. కానీ దీన్ని మళ్ళీ ఆపేయను.

ఒక సందేహం. ఈ బ్యాండ్ చివరి కచేరీ కూడా ఆల్బమ్‌గా వచ్చిందట కదా, అది వినొచ్చా? ఇంకా తొందరా?

రెండుడ్రమ్ములు

తొందరేం కాదు. జైమోని పట్టుకోవడానికి ఒక చిట్కా: బుచ్ స్నేర్ డ్రమ్ము దెబ్బ వినగానే దాని వెనకే వచ్చే చిన్న సవ్వడి కోసం చూడండి. మొదట ప్రతిధ్వనిలా అనిపిస్తుంది. అది ప్రతిధ్వని కాదు, జైమో.

ఆర్గాన్‌పక్కన

మీ తాతగారి మాట చదివి చాలా సంతోషించాను. నేను అంత పొడుగ్గా చెప్పింది మీరు రెండు వాక్యాల్లో చెప్పారు.

చివరి కచేరీ 2014 అక్టోబర్ 28న, బీకన్‌లోనే. 2024లో ఆల్బమ్‌గా విడుదలైంది. మూడు సెట్లు వాయించారు. ముగిసేసరికి అర్ధరాత్రి దాటి తేదీ 29 అయింది, అంటే డ్వేన్ పోయిన రోజు. చివర్లో గ్రెగ్, బుచ్, జైమో ముగ్గురూ జనంతో మాట్లాడతారు. తర్వాత ఆఖరి పాటగా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట ‘ట్రబుల్ నో మోర్’ ఎత్తుకుంటారు. 1969లో మొదటిసారి అందరూ కూర్చుని సాధన చేసిన పాట అదే. గొంతు 2003 కంటే ఇంకా అరిగి ఉంటుంది, ముందే చెబుతున్నాను. 2017లో జనవరిలో బుచ్, మేలో గ్రెగ్ వెళ్ళిపోయారు.

మూడు సెట్లూ ఒకే రాత్రి వినడానికి వీలున్న రోజు చూసుకోండి. దీన్ని మాత్రం ముక్కలు చేయొద్దు.

చిన్నగిటారు

శనివారం రాత్రి ఖాళీ. ‘ట్రబుల్ నో మోర్’ ఒక్కటి ముందు వినేయొచ్చా, ఆగలేకపోతున్నాను.

ఆర్గాన్‌పక్కన

వద్దు. ఆగండి. మొదటి నుంచి వినండి, ముగ్గురూ మాట్లాడేదాకా రండి. ఆ తర్వాతే.